పాత లోగిలి - పసిపిల్లలు

తాతలనాటి మండువా లోగిలిని పసిబిడ్డలకు తగినట్లు మార్చవలెనన్నచో పెద్దలు, “మేము ఈ ఇంటనే పెరుగలేదా?” అందురు. నిజమే. కాని ఆనాడు ఇంటినిండ జనము; పాకెడు బిడ్డపై పది కన్నులుండెడివి. నేడు ఇంటనుండునది మన ఇద్దరమే. ఆ కన్నులు చేసిన పనిని కొంత ఇల్లే చేయవలసియున్నది.

మొదట పెరటి నూయి. దాని గట్టును పెద్దవారి నడుము ఎత్తునకు లేపి, పైన ఇనుప ఊచల మూత బిగించి తాళము వేయుదము. కిటికీ ఊచల నడుమ, మేడమెట్ల కటకటాల నడుమ 4 అంగుళముల సందున్నచో బిడ్డ తల చిక్కుకొనవచ్చును; అచట మరియొక ఊచ చేర్చుదము.

తలుపుల పాత రంగు కంటికి కానరాని అపాయము. ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరులో అమలులోనికి వచ్చినది. అంతకుముందటి రంగులలో సీసము అధికముగా ఉండవచ్చును. పొడిగా గరుకు కాగితముతో రుద్దినచో లేచెడి ధూళి పసివారి మెదడునకు చేటు. కావున తడిపి గీకింపవలెను. పని ముగిసి, తడిగుడ్డతో ఇల్లంతయు తుడుచువరకు బిడ్డలను వేరొకచోట ఉంచవలెను.

మండువాను మాత్రము కప్పివేయరాదు. నాచుపట్టిన రాళ్లను గీకించి, వాననీటి తూమునకు జల్లెడరేకు బిగించిన చాలును. గాలియు వెలుతురును కలిగి, చుట్టునున్న ఏ గదినుండియైనను బిడ్డ కనబడు ఆటస్థలమును మన పెద్దలు మనకు ముందే కట్టియిచ్చినారు.