ఈ మాట ఎవరు చెప్పారు?

(బాపులపాడులో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రసార మాధ్యమాలు, సాంకేతిక పరిజ్ఞానం మన సమాజాన్ని ఎలా మారుస్తున్నాయో చెప్పమన్నారు. అంశం చాలా పెద్దది. మనకు బాగా తెలిసింది మామిడి కాబట్టి అక్కడే మొదలుపెడతాం.

బాపులపాడు నుంచి నూజివీడు, ఆగిరిపల్లి దాకా తోటలు గుత్తకు పట్టేవాళ్ళలో, కాయ కోసేవాళ్ళలో, లారీకి ఎత్తేవాళ్ళలో, జంక్షన్‌లో బండి మీద రసాలు, బంగినపల్లి అమ్మేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. పూత చూసి తోట పట్టడమంటే మాట మీద డబ్బు పెట్టడమే. వెనకటి రోజుల్లో నున్న మార్కెట్లో కాయ ఎంత పలికిందో, లారీతో వెళ్ళొచ్చినవాడు చెబితేనే తెలిసేది. వాడు ఎక్కువ తక్కువ చెబితే మర్నాడు టీ కొట్టు దగ్గర నిలదీసే వీలుండేది. మాట కంటే ముందు మనిషి తెలుసు.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రేడియోలో వార్తలు చదివేవారు ముందు తమ పేరు చెప్పి, తరువాతే వార్తల్లోకి వెళ్ళేవారు. పత్రికకు సంపాదకుడి పేరు, అచ్చయిన చోటు ఉంటాయి. 1978లో ఈనాడు విజయవాడ నుంచి రావడం మొదలైంది, 1995లో ఈటీవీ వచ్చింది. వాటిలో వచ్చినవన్నీ నిజాలని మేము అనడం లేదు. తప్పు రాస్తే ఎవరిని అడగాలో తెలిసేది, అంతే. (మండలం పేరు బాపులపాడు అయినా లోకానికి మనం హనుమాన్ జంక్షనే. 2001లో ఆ పేరుతో సినిమా వచ్చాక మన ఊరికి ఎన్నడూ రానివాళ్ళు కూడా ఆ పేరు చెబుతున్నారు. మాధ్యమాల బలం అలాంటిది.)

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా చౌకైంది. దాని మేలు మనం కాదనలేం. కాయ కోయకముందే ధర తెలుస్తోంది. కువైట్‌లో ఉన్న కొడుకు ముఖం తల్లి రోజూ చూస్తోంది. అయితే అదే ఫోన్లోకి, చెప్పిన మనిషి లేని మాట కూడా వచ్చింది.

2020 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్, ఆపైన మామిడి కోతల కాలం. అప్పుడే ఒక ముస్లిం పండ్ల వ్యాపారి వేళ్ళు తడి చేసుకుంటూ పండ్లు సర్దుతున్న వీడియో దేశమంతా తిరిగింది. కరోనా అంటించడానికే అలా చేస్తున్నాడని దానికి మాట తగిలించారు. అది మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌లో, లాక్‌డౌన్‌కు ముందు ఫిబ్రవరిలో తీసినది. ఆయన మానసిక స్థితి బాగాలేదని ఇంటివాళ్ళు చెప్పారు. ఆ సంగతి బయటికి వచ్చేసరికి దేశంలో పలుచోట్ల బండివాళ్ళను పేరు అడిగి మరీ కొనడం మానేశారు. ఎక్కడి రాయ్‌సేన్, ఎక్కడి మన జంక్షన్! కానీ పండు ఒక్క రోజు ఆగితే మెత్తబడుతుంది, రెండో రోజు పారబోయాలి. నిజం తేలేదాకా ఆగే ఓపిక సరుక్కి ఉండదు.

ఆ రోజుల్లో తబ్లీగ్ జమాత్ పేరుతో టీవీల్లో నడిచిన ప్రచారం మీద బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ తీర్పు 2020 ఆగస్టులో వచ్చింది. విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ కోర్టు ఆ ప్రచారాన్ని తప్పుబట్టింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో, జమియత్ ఉలమాయే హింద్ వేసిన పిటిషన్ విచారణలో, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ కూడా ఆందోళన వెలిబుచ్చారు. మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతోందనీ, దానివల్ల దేశానికే చెడ్డపేరనీ అన్నారు. ఆయన మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం బిడ్డే. మెసేజ్ ఊరు దాటడానికి రెండు నిమిషాలు, తీర్పు రావడానికి నెలలు.

ఇక్కడితో ఆపి కూర్చుంటే మనం బాధితులమని చెప్పుకున్నట్టే ఉంటుంది. కాబట్టి రెండో సంగతి కూడా చెప్పాలి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెసేజ్‌లు తిరిగాయి. అది రంజాన్ మాసం. దానం అడుక్కోవడానికి మహబూబ్‌నగర్ వైపు నుంచి హైదరాబాద్ వచ్చిన ట్రాన్స్‌జెండర్లను పాతబస్తీ చాంద్రాయణగుట్టలో గుంపు చుట్టుముట్టింది. ఒకరు చనిపోయారు. జకాత్, సదఖా ఇచ్చే నెలలో, చెయ్యి చాచి వచ్చిన మనిషి ఒక అబద్ధానికి బలయ్యారు. మన మీద వచ్చిన పుకారుకు కోపం తెచ్చుకునే హక్కు మనకు ఉంది. ఈ చావుకు కూడా అంతే కోపం రావాలి.

ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌లను ఒక్కసారికి ఒక్క చాట్‌కే అన్నది. మంచిదే. కానీ ఆ కట్టడి ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది తప్ప, ఎక్కడ పుట్టిందో చెప్పదు.

ఆ ప్రశ్న అడగడం మనకు కొత్త కాదు. ప్రవక్త (స) మాట అని ఒకటి వినిపిస్తే హదీసు పండితులు ముందు మాటను చూడలేదు, తెచ్చినవాణ్ణి చూశారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వాళ్ళిద్దరూ నిజంగా కలిశారా, అతని జ్ఞాపకశక్తి ఎలాంటిది, నడవడి ఎలాంటిది? ఈ గొలుసునే ఇస్నాద్ అంటారు. గొలుసులో ఒక కడియం తెగితే, మాట ఎంత అందంగా ఉన్నా బలహీనం అని రాసేశారు. సూరా అల్ హుజురాత్ ఆరో ఆయతు కూడా నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించుకోమనే చెబుతోంది. అలాంటి సంప్రదాయం ఉన్నవాళ్ళ ఫోన్లలోనే పోలియో చుక్కల మీద పుకార్లు, నెలవంక కనబడకముందే కనబడిందన్న మెసేజ్‌లు తిరుగుతుంటే ఏమనాలి?

మా సంఘం పనికి సంబంధించిన మాట ఒకటి. జబ్బుపడ్డ పసివాడి ఫోటో, కింద క్యూఆర్ కోడ్ ఉన్న మెసేజ్‌లు పండగ ముందు ఎక్కువగా వస్తాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి, అదే కష్టం. అన్నీ అబద్ధాలైతే తీసి పారేయొచ్చు. అలా పారేస్తే నిజంగా ఆసుపత్రిలో ఉన్న బిడ్డకు అన్యాయం. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇద్దరం ఇంటికి వెళ్తాం, ఆసుపత్రి కాగితాలు చూస్తాం, డాక్టర్‌తో మాట్లాడతాం, డబ్బు ఆసుపత్రికే కడతాం. వెళ్ళినవాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఉంటాయి. ఫోటో మాత్రం ఎక్కడా పెట్టం. పేదవాడి ముఖం ఊరంతా తిప్పి ఇచ్చే సాయం మాకు వద్దు.

అలాంటి మెసేజ్ మీకు వస్తే గ్రూపుల్లో పెట్టకుండా, మీకు ఎవరు పంపారో కూడా రాసి మాకు పంపండి. మూడు రోజుల్లో సంగతి తెలుసుకుని చెబుతాం. ఈ పనికి బైకు ఉన్న కుర్రాళ్ళు కావాలి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుకునే పిల్లలు సెలవుల్లో వచ్చి, పాత ఫోటోలు ఎలా పట్టుకోవాలో మా ముసలివాళ్ళకు నేర్పితే ఇంకా సంతోషం. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్ళ కోసం సభ అయ్యాక రిజిస్టర్ తలుపు దగ్గర బల్ల మీద ఉంటుంది.