రోకలిబండ పేరు

మృగశిర కార్తె వానలు పడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో నూతిగట్ల మీదికీ, పెరటిగోడల మీదికీ రోకలిబండలు వెడలివస్తాయి. జెర్రిని చంపినట్లే వీటినీ చంపడం మనవారి అలవాటు. కాని, శాస్త్రం ఈ రెండింటినీ వేర్వేరు తరగతులలో చేర్చినది.

జెర్రికి ఖండమునకు ఒక్క జత కాళ్లు. వానిలో మొదటి జతయే విషపు కోరలైనది. రోకలిబండకు తల వెనుకనున్న నాలుగు వలయాలు విడిచిపెడితే, తక్కినవాటిలో దాదాపు ప్రతిదానికీ రెండేసి జతలు. విషపు కోరలు లేవు; కుట్టదు. ఎండుటాకు, చివికిన కర్ర దాని ఆహారం. ఉద్దానపు కొబ్బరితోటలలో, జీడితోటలలో రాలిన ఆకు మట్టియగుటలో దాని కష్టమూ కొంత ఉన్నది. అయితే, బెదిరినప్పుడు అది చుట్టచుట్టుకొని ప్రక్కల నుండి ఘాటైన ద్రవమును వదలుతుంది. అది చర్మమునకు మరక పట్టిస్తుంది, కంటిని మండిస్తుంది. దానిని ముట్టిన పిల్లల చేతులు వెంటనే కడగవలెను. కంటిలో పడినచో మంచినీటితో బాగా కడిగి వైద్యునికి చూపవలెను.

పుస్తకాలవారు దీనిని సహస్రపాది అన్నారు. నిజముగా వేయికి మించిన కాళ్లు గల జాతి 2021లో గాని లోకమునకు తెలియలేదు. ఆస్ట్రేలియా భూగర్భంలో దొరికిన ఆ ప్రాణికి 1306 కాళ్లు. మన రోకలిబండ అంత సంపన్నురాలు కాదు!

లిన్నేయస్ పండితుడు 1758లో వీటిని రెక్కలు లేని కీటకాలలో కలిపివేసినాడు. ఆయన శిష్యుడు ఫాబ్రీషియస్ 1775లో ఎరుపు, నలుపు కలిసిన ఒక రోకలిబండకు జూలస్ కార్నిఫెక్స్ అని పేరుపెట్టినాడు. కార్నిఫెక్స్ అనగా లాటిన్‌లో తలారి. ఆ ఎరుపును చూచి కాబోలు, పాపము, సాధుప్రాణికి అంత పేరు! దక్షిణ భారతంలోను, సింహళంలోను ఉండే ఈ జాతి ఆకుకప్పు ఇళ్లలో చేరి గృహస్థులను విసిగించుటలో పేరుమోసినది. నేడు దాని పేరు జెనోబోలస్ కార్నిఫెక్స్: డిప్లోపోడా తరగతి, స్పైరోబోలిడా క్రమం, పాకీబోలిడే కుటుంబం. ఇంటిపేరు మారినది, తలారితనం మాత్రం పోలేదు.

ఇంటిపేరు ఎందుకు మారినది? ఆ రోజులలో రోకలిబండలనేకం జూలస్ అనే ఒకే ప్రజాతిలో ఇమిడిపోయేవి. తరువాతివారు రంగును నమ్మక, మగదాని ఏడవ వలయాన్ని పరీక్షించినారు. అక్కడి కాళ్లు నడచుటకు గాక సంతానక్రియకు ఉపకరించేట్లు మారిపోయి ఉంటాయి. తాళపుచెవి పళ్లవలె వాని ఆకారం జాతికొక రీతి. ఒకే రంగు గల రెండు ప్రాణులు వేరు జాతులని అక్కడనే తేలుతుంది. ఆడదానిని, పిల్లను ఎంత పరీక్షించినా చాలసార్లు పేరు చెప్పలేము. వియన్నా పండితుడు ఆటెమ్స్ 1936లో కలకత్తా ఇండియన్ మ్యూజియం ప్రచురణలలో భారతదేశపు రోకలిబండలను వర్ణించినపుడు కూడ ఈ అవయవములే ఆధారం.

మన కళాశాలల విద్యార్థులు ఈ పని చేయదలచినచో పెద్ద పరికరాలు అక్కరలేదు. చేతికి గుడ్డ చుట్టుకొని, ఎదిగిన రోకలిబండను వెల్లకిల త్రిప్పి చూడవలెను. ఏడవ వలయం వద్ద కాళ్ల వరుసలో ఖాళీ కనిపించినచో అది మగది. దానినొక్కదానిని స్పిరిటు సీసాలో ఉంచి, ఊరిపేరు, తేదీ పెన్సిలుతో చీటిపై వ్రాసి లోపల వేసినచో నిపుణునికి చాలును. తక్కినవాటిని ఆకుల క్రిందికి పోనీయవచ్చును.