మాట పుట్టుకకు సాక్ష్యం ఏది?



ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్లూ, తెలుగు నిఘంటువుల పనిలో ఉన్నవాళ్లూ ఒకే సభలో కలిసి కూర్చోవడం అరుదు. ఈ ఏర్పాటు చేసిన నిర్వాహకులకు ముందుగా నా కృతజ్ఞతలు. అధ్యక్షుడిగా నాకిచ్చిన సమయంలో ఇంగ్లీషు మాటల పుట్టుక గురించి, ఆ పుట్టుకను నిర్ణయించే పద్ధతి గురించి మాట్లాడతాను. పద్ధతి గురించే కాస్త ఎక్కువగా మాట్లాడతాను.

మన తరగతి గదుల్లో తరచుగా వినిపించే కథ ‘పోష్’ అనే మాటది. ఇంగ్లండు నుంచి ఇండియాకు వచ్చే ఓడలో ఎడమవైపు గదులకు ఎండ తక్కువ, తిరుగు ప్రయాణంలో కుడివైపు గదులకు తక్కువ. డబ్బున్న దొరలు ఆ గదులే తీసుకునేవారని, వాళ్ల టిక్కెట్ల మీద ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’కు గుర్తుగా నాలుగు పొడి అక్షరాలు కొట్టేవారని, అవే కలిసి ‘పోష్’ అయ్యాయని చెబుతారు. కథలో ఎర్రసముద్రపు ఎండ ఉంది, మన దేశం ఉంది. అందుకే మనకు మరీ నచ్చింది. కానీ అలా ముద్ర పడిన టిక్కెట్టు ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు. ‘ఖరీదైన, దర్జా అయిన’ అనే అర్థంలో ఆ మాట అచ్చులో కనబడుతున్నది 1910ల నుంచి. టిక్కెట్ల కథ అచ్చులోకి వచ్చింది 1930లలో. మాట వాడుకలో పడ్డాక ఎన్నో ఏళ్లకు వినబడిన కథను దానికి మూలమని ఎలా నమ్ముతాం? 19వ శతాబ్దపు దొంగల భాషలో ‘పోష్’ అంటే చిల్లర డబ్బు. అది రోమానీ భాషలో ‘సగం’ అనే మాట నుంచి వచ్చింది. ఆ మాటే ఈ మాట అయిందా అన్నది తేలలేదు. తేలనప్పుడు తేలలేదనే రాయాలి. నిఘంటువుకు అది మర్యాద.

వాన గురించిన జాతీయానికీ ఇదే గతి పట్టింది. జోరువానను పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయని ఇంగ్లీషువాళ్లు అంటారు. పూర్వం పూరికప్పుల్లో పడుకున్న జంతువులు వానకు జారి కింద పడేవని 1999లో ఈమెయిళ్లలో తిరిగిన ఒక కల్పన చెప్పింది. అదే ఇప్పుడు వాట్సాప్‌లో తెలుగులోనూ తిరుగుతోంది. 17వ శతాబ్దం నడుమ రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కురిసేవి కుక్కలూ, పిల్లులకు బదులు పోల్‌క్యాట్లనే ముంగిసలాంటి జంతువులూ. ఇప్పుడు వాడే రూపం 1738లో జొనాథన్ స్విఫ్ట్ రచనలో ఉంది. పూరికప్పు మాట రెండింటిలోనూ లేదు.

ఇక సాక్ష్యంతో గెలిచిన మాట ఒకటి చూద్దాం. ‘ఓకే’ మా భాషదంటే మా భాషదని చాక్టా తెగ పేరు చెప్పినవాళ్లున్నారు, గ్రీకు పేరు చెప్పినవాళ్లున్నారు. అలెన్ వాకర్ రీడ్ అనే అమెరికన్ పండితుడు పాత పత్రికలు తిరగేసి, 1839 మార్చి 23 నాటి బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో దాన్ని పట్టుకున్నాడు. మాటల వర్ణక్రమాన్ని కావాలని తప్పుగా రాసి, మొదటి అక్షరాలతో సరదా పడడం అప్పటి బోస్టన్ పత్రికల అలవాటు. ‘ఆల్ కరెక్ట్’ను అలా వంకరగా రాస్తే మిగిలిన రెండక్షరాలే ఓ, కే. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికల్లో వాన్ బ్యూరెన్‌ను ఆయన ఊరి పేరుతో ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని పిలిచిన అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టారు. దానితో మాట దేశమంతా పాకింది. రీడ్ తన వ్యాసాలు అచ్చువేసింది 1960లలో. అంటే సమాధానం సుమారు 120 ఏళ్లు పాత కాగితాల్లోనే ఉండిపోయింది.

ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో ఆలోచన మొదలైంది. 1879లో జేమ్స్ మరే సంపాదకుడై, పుస్తకాలు చదివి ప్రయోగాలు పంపమని సామాన్య పాఠకులకు విజ్ఞప్తి చేశాడు. చీటీ ఎలా ఉండాలో కూడా చెప్పాడు: పైన మాట, కింద సంవత్సరం, రచయిత, పుస్తకం, పుట, ఆపైన ఆ మాట ఉన్న వాక్యం. ఇంటి ఆవరణలో వేసుకున్న ఇనుపరేకుల షెడ్డులో, గోడల నిండా అరలు పెట్టి, వచ్చిన చీటీలను అకారాదిగా సర్దించాడు. ‘బాండ్‌మెయిడ్’ అనే మాట చీటీలు ఎక్కడో జారిపోతే ఆ మాట మొదటి ముద్రణలో లేకుండా పోయింది, 1933 అనుబంధంలో గాని చేరలేదు. 1884లో తొలి భాగం వెలువడింది. 1915లో మరే పోయాడు. 1928లో పని పూర్తయ్యేసరికి అచ్చయిన ప్రయోగాలే 18 లక్షల పైచిలుకు. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ అరల్లో మన ఊళ్లూ ఉన్నాయి. నరసాపురం పక్కన గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయిపాలెం మీలో చాలామందికి పడవరేవుగా తెలుసు. అక్కడ ఈస్టిండియా కంపెనీకి బట్టల కొఠీ ఉండేది. అక్కడి నుంచి ఓడకెక్కిన మెత్తని నూలుగుడ్డను ఆ ఊరి పేరుతోనే ‘మదపొలం’ అన్నారు. తర్వాత ఇంగ్లండు మిల్లులే ఆ రకం గుడ్డ నేశాయి, పేరు మాత్రం మార్చలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చెక్కతో చేసిన మస్కిటో విమానాల ఒంటికి ఈ మదపొలమే అంటించి పైన వార్నిషులాంటి పూత పూశారు. గోదావరి నేతగాడి గుడ్డ పేరు బ్రిటిష్ విమాన కార్ఖానాలో రోజూ పలికే మాటైంది. తెలుగు పాఠ్యపుస్తకంలో ఈ సంగతి ఉండాలని నా గట్టి కోరిక.

పందికొక్కు ఇంకా దూరం వెళ్లింది. ఇంగ్లీషువాళ్ల నోట అది ‘బాండికూట్’ అయింది. 1886లో యూల్, బర్నెల్ ‘హాబ్సన్ జాబ్సన్’ పదకోశం దాన్ని తెలుగు మాటగా గుర్తించింది. జంతుశాస్త్రం ఆ ఎలుకల ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టింది. ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు అక్కడి సంచిజంతువు ఒకటి పందికొక్కులా ఉందని దానికీ ఇదే పేరు తగిలించారు. ఆ రెండింటికీ చుట్టరికం లేదు. 1996లో వచ్చిన ‘క్రాష్ బాండికూట్’ వీడియో గేమ్ ఆ ఆస్ట్రేలియా జంతువుదే. మన పిల్లలు అది ఆడుతూ పెరిగారు, అందులో ఉన్నది మన గాదెలు తవ్వే పందికొక్కు పేరని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇక గోల్కొండ ఇంగ్లీషులో తరగని సంపదకు పేరైంది. నిజానికి వజ్రాలు దొరికింది కోటలో కాదు, కొల్లూరు వంటి కృష్ణాతీరపు గనుల్లో. కొనుగోలు జరిగిన చోటి పేరే భాషలో నిలిచింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల నుంచి ప్రయోగాలు ఇచ్చింది, ప్రయోగం పక్కన సంవత్సరం ఇవ్వలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం రైతుల నోటి మాటలను ఊరూరా తిరిగి సేకరించింది. ఆ పని తీరు చూసి ఇప్పటికీ నేర్చుకోవచ్చు. 1854 నాటి బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు కచేరీల్లో వాడిన పరాయి మాటలను పట్టుకుంది. ఇంత చేసుకున్న భాషకు ఇంకా కావలసింది కాలం వేసిన చీటీ. ‘రైలు’ తెలుగు అచ్చులో మొదట ఏ ఏట కనబడింది? పోర్చుగీసు నుంచి వచ్చిన ‘అల్మారా’ ఏ దస్తావేజులో మొదట ఉంది? ‘ఓటు’కు బహువచనం తెలుగు పద్ధతిలో ఎప్పుడు వచ్చింది?

1902 నుంచి కృష్ణా పత్రిక, 1908 నుంచి ఆంధ్రపత్రిక, 1926 నుంచి గోల్కొండ పత్రిక పుటల్లో వీటిలో చాలావాటికి ఆనవాళ్లు దొరుకుతాయి. పరిశోధక విద్యార్థులకు నా మనవి. మీకు ఇష్టమైన ఒక పత్రిక, ఒక సంవత్సరం తీసుకోండి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట కనబడిన ప్రతిచోటా మాట, తేదీ, పుట, పూర్తి వాక్యం రాసుకోండి. వాక్యాన్ని మీ సొంత మాటల్లోకి మార్చకండి, ఉన్నది ఉన్నట్టే దించండి. మధ్యాహ్నపు సమావేశంలో నమూనా చీటీని అందరికీ పంచుతాం. పత్రికల పంపకం కూడా అక్కడే తేల్చుకుందాం. మొదటి పత్రం సమర్పించేవారిని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాను.