పెట్టె ముందు కూర్చున్నాయన: బళ్ళారి రాఘవ స్మారకోపన్యాసం



నటుడు బళ్ళారి రాఘవ పేరుమీద మాట్లాడమని పిలిచి, విషయం మీ ఇష్టం అన్నారు. నేను ఎంచుకున్నది ఆయనకు బొత్తిగా గిట్టనిది. పద్యాన్ని పట్టుకుని రాగం లాగే నటుడంటే ఆయనకు పడేది కాదు. పాట పెరిగితే పాత్ర పలచబడుతుందని జీవితమంతా వాదించాడు. ఆ వాదంలో న్యాయం ఉంది. కానీ ఆదోనిలో నిలబడి నాటకం గురించి మాట్లాడేవాడు రాగాన్ని దాటిపోలేడు. ఇక్కడి జనం నాటకాన్ని చూడటానికంటే వినటానికే ఎక్కువగా వెళ్లారు. వెనక వరసలో కూర్చున్న రైతుకు కృష్ణుడి ముఖం కనిపించదు, గొంతు మాత్రం అందుతుంది.

ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లావే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు కర్నూలుకు వచ్చాయి, రాయదుర్గం అనంతపురానికి పోయింది. అంటే రాఘవ బతికి ఉన్నన్నాళ్లూ మనం ఆయన జిల్లా వాళ్లమే. బళ్ళారిలో 1886లో ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టాడు. పోటీగా కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపాడు. ఇద్దరూ వకీళ్లే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగం మీద వాదించుకునేవాళ్లు అనుకోవచ్చు. రాఘవా వకీలే. ఆయనకు పెద్ద పేరు తెచ్చిన వేషాల్లో ఒకటి పఠాన్ రుస్తుం. అది ఎవరి నాటకంలోది? మేనమామది కాదు, కోలాచలం వారి రామరాజు చరిత్రలోది. మేనల్లుడు ఎదుటి సభ రచయిత మాటలు పలికి పేరు తెచ్చుకున్నాడు. మన నాటకరంగంలో మనుషులు గుంపులు మారటం మొదటినుంచీ ఉన్నదే.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. కిందటిసారి వచ్చినప్పుడు, ఇలాంటి కథే అక్కడా ఉంది మామా అని ఒక పాటల బృందం సంగతి చెప్పాడు. పేరు పోకో. 1968లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. అక్కడి పల్లెపాట బాణీకి కరెంటు గిటారు, డ్రమ్ములు జోడించిన పద్ధతిని కంట్రీ రాక్ అంటారు. మొదట ఐదుగురు. తొలి రికార్డు అట్టమీద ఐదుగురి బొమ్మలూ వేయించారట. అది బయటికి రాకముందే ర్యాండీ మైస్నర్ అనే ఆయన విడిచిపోయాడు. ఆయన బొమ్మ చెరిపి ఆ జాగాలో కుక్కను వేశారు! మన నాటకాల కాంట్రాక్టర్లు కొంచెం మర్యాదస్తులు. వేషగాడు రాకపోతే పోస్టరు మీద ఇంకొకరి పేరు కాగితం అతికిస్తారు.

తర్వాతిది ఇంకా బాగుంటుంది. మైస్నర్ జాగాలో పోకోలోకి టిమొతీ ష్మిట్ వచ్చాడు. మైస్నర్ వెళ్లి ఈగల్స్ అనే మరో బృందం కట్టినవాళ్లలో ఒకడయ్యాడు, 1977లో అదీ విడిచాడు. అక్కడ ఆయన జాగాలోకి వచ్చిందెవరు? మళ్లీ ఆ ష్మిట్టే. ఒకే మనిషి వదిలిన పీటమీద ఒకే మనిషి రెండుసార్లు కూర్చున్నాడు. 1970లో బోస్టన్‌లో, న్యూయార్కులో జనం ముందు పాడినదాన్ని పోకో వాళ్లు మరుసటి ఏడు రికార్డుగా తెచ్చారు. అది అంగళ్లకు వచ్చే వేళకు అందులో గిటారు వాయించిన జిమ్ మెస్సీనా బృందంలో లేడు. 1973లో పెద్ద గాయకుడు రిచీ ఫ్యూరే కూడా పోయాడు. అయినా పోకో అన్న పేరు ఇంకో నలభై ఏళ్లకు పైగా ఊళ్లు తిరిగింది.

ఎవరు తిప్పారు? రస్టీ యంగ్ అనే ఆయన. రాఘవ కన్నుమూసిన 1946లోనే పుట్టాడు, 2021లో పోయాడు. ఆయన వాద్యం పెడల్ స్టీల్. బల్లలా పరిచిన తీగల ముందు కూర్చుని, చేత్తో ఉక్కుకడ్డీ జరుపుతూ, పాదాలతో పెడళ్లు తొక్కుతూ వాయించేది. మేనల్లుడు ఫోన్లో ఆ వాద్యం చూపించగానే నాకు నవ్వొచ్చింది. ఒరేయ్, ఈయన మన హార్మోనిస్టే కదరా అన్నాను.

కాలి హార్మోనియం ఎరిగినవాళ్లు ఈ సభలో ఇంకా ఉన్నారు. పాదాలతో తిత్తులు తొక్కుతూ రెండు చేతులతో మెట్లు పలికించే పెట్టె. రంగానికి ఒక పక్కన, సగం వెలుగులో, సగం తెరచాటున ఉంటుంది. దాని ముందు కూర్చున్నాయన పేరు పోస్టరులో అట్టడుగున, ప్రెస్సువాళ్ల పేరుకు ఒక్క వరస పైన.

కురుక్షేత్రం నాటకాన్నే చూద్దాం. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలను కలిపి రాత్రంతా నడిపే ఆట. పోస్టరులో మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అని ఉంటుంది. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఒకరు. అర్జునుడూ ఇద్దరు ముగ్గురే. బయటి ఊరి మనిషికిది వింత. మనకు కాదు. ఒకే రాత్రి ఒకే దేవుడికి మూడు గొంతులు, మూడు పొడుగులు, మూడు పొట్టలు! జనం ఏ కృష్ణుడు గొప్పో తెల్లారి టీ అంగడి దగ్గర తేల్చుకుంటారు. అమెరికా బృందం యాభై ఏళ్లలో మార్చినంతమందిని మన కాంట్రాక్టరు రాత్రి తొమ్మిదికీ పొద్దున ఐదుకీ మధ్య మారుస్తాడు.

ఈ ముగ్గురినీ ఒక నాటకంగా కుట్టేది పెట్టె. మొదటి కృష్ణుడిది ఐదు శ్రుతి. రెండో ఆయనది నాలుగున్నర. మూడో ఆయనకు జలుబు చేస్తే నాలుగు. ఇదంతా హార్మోనిస్టు వేళ్లకు తెలుసు. వేషం లోపల ఉండగానే శ్రుతి మార్చి పలికిస్తాడు. చిన్నప్పుడు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరలో మా నాన్న పక్కన పడుకుని సగం నిద్రలో విన్నాను. తెర లేవకముందే నాన్న, ‘రెండో ఆయన వస్తున్నాడు లేయ్’ అని తట్టేవాడు. ఎట్ల తెలిసింది నాన్నా అంటే, పెట్టె చెప్పింది అనేవాడు. పద్యం మరిచినవాడికి మొదటి మాట అందించేది పెట్టె పక్కనుంచే. వన్స్ మోర్ అని అరిస్తే మళ్లీ ఎత్తుకోవాలా వద్దా అని వేషగాడు చూసేదీ ఆ పక్కకే.

పాఠం కూడా మారుతుంది. హరిశ్చంద్ర నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు గుర్రం జాషువావి. రచయిత పుస్తకంలో లేని పద్యాలు నాటకంలో కాపురం పెట్టాయి. డి.వి. సుబ్బారావు గొంతులో అవి ఎంత ఊరేగాయంటే, వాటిని పాడని హరిశ్చంద్రుణ్ణి మన ఊళ్లలో కాటినుంచి రానివ్వరు.

సురభి వారిది వేరే దారి, దాన్ని రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టినది కుటుంబ సమాజం. అక్కడ వేషగాడిని అడ్వాన్సు ఇచ్చి తేరు. వాడు ఇంట్లోనే పుడతాడు. ఇల్లు పెరిగితే సమాజం చీలుతుంది, చీలినవాళ్లూ సురభి పేరే పెట్టుకుంటారు. 2013లో ఫ్రాన్సు దాకా వెళ్లి ఆడి వచ్చారు.

ఇక రికార్డుల సంగతి. ఇక్కడ నాకు కొంచెం కోపం ఉంది. 78 వేగం పలక ఒక పక్కన మూడు నిమిషాలు, ఇంకొంచెం. రంగం మీద పద్యం, దాని రాగం కలిసి ఏడెనిమిది నిమిషాలు నడిచేది. పలకకు సరిపడేట్టు కోస్తే రాగం పోయింది, ఎదుటివాడి మాట పోయింది, జనం పోయారు. గొంతు మాత్రం మిగిలింది. ఈలపాట రఘురామయ్యను, అద్దంకి శ్రీరామమూర్తిని మనం పలకల్లో విన్నాం, సంతోషమే. కానీ అది నాటకం కాదు, నాటకంలోంచి కోసి తెచ్చిన కొమ్మ. నాకు తెలిసి రాఘవకు అదీ దక్కలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు, 1939లో రైతుబిడ్డ, ఇలా వయసు మళ్లాక వేసిన సినిమాలు కొన్ని. పఠాన్ రుస్తుం నేనెరిగిన ఏ పలక మీదా, ఏ రీలు మీదా లేడు.

క్యాసెట్టు వచ్చాక కథ మారింది. 90 నిమిషాల క్యాసెట్టు, పక్కకు 45. జాతరలో మైకు సెట్టువాడు తన ఆంప్లిఫయరుకు టేపు రికార్డరు తగిలించి రాత్రంతా పట్టేవాడు. అందులో అన్నీ ఉంటాయి. చదివింపులు చదివే గొంతు, తప్పిపోయిన పిల్లవాడి కోసం పిలుపు, కరెంటు పోతే రెండు నిమిషాల నిశ్శబ్దం. క్యాసెట్టు తిప్పేటప్పుడు సగం పద్యం గల్లంతైపోతుంది. పెద్దగా లెక్కచేయకండి. నా లెక్కలో మన అసలైన రికార్డులు ఇవే. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం 1984లో, టేపు పట్టుకునే శ్రోతల కోసం కచేరీల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించింది. మనవాళ్లు ఎవరినీ అడగకుండానే ఆ పని చేశారు. తర్వాత వాటిమీద సినిమా పాటలు ఎక్కించుకున్నారు, అది వేరే సంగతి. మీ ఇళ్లల్లో అటకమీద ఉంటే పారేయకండి. టేపు అతుక్కుపోయినా సరే, తెచ్చి ఇవ్వండి.

రాఘవ వాదానికి నా జవాబు కూడా అందులోనే ఉంది. నటుడు మాట వదిలి రాగంలో మునిగితే పాత్ర పోతుందన్నాడు. నిజమే, ఆ మనిషి పాత్ర పోతుంది. కానీ ముగ్గురు కృష్ణులున్న రాత్రిలో పాత్ర ఏ ఒక్క మనిషిదీ కాదు. అది ఒకరినుంచి ఒకరికి చేతులు మారే దీపం. ఆ చేతుల మధ్య ఆరిపోకుండా పట్టుకున్నది శ్రుతి. బళ్ళారి సభల్లో మహానటుడు ఒక్కడే పొద్దుటిదాకా ఉండేవాడు, ఆయనకు ఈ ఇబ్బంది రాలేదు. మన ఊరి నాటకానికి వచ్చింది.

నా దగ్గర ఎమ్మిగనూరు జాతరది ఒక క్యాసెట్టు ఉంది. ఎనభైల చివరిది. రెండో కృష్ణుడు లోపలికి పోయాడు, మూడో ఆయన కిరీటం సరిపోక ఆలస్యమైంది. నాలుగు నిమిషాలు రంగం మీద ఎవరూ లేరు. ఉన్నది పెట్టె ఒక్కటే. మొదట పాత శ్రుతిలోనే ఉంటుంది, మెల్లగా కిందికి దిగుతుంది, దిగినచోట ఆగి కాచుకుని ఉంటుంది. మధ్యలో ఎవరో అయిదు రూపాయలు చదివించారు, ఆ పేరు సరిగా వినపడదు.

ఇదిగో, పెడుతున్నాను. వెనకవాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి.