గంట ధర కాదు, గంటల లెక్క

అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సు కోసం నేర్చుకోబోయేవారు ముందుగా అడిగేది విమానం గంట అద్దె ఎంత అని. అసలు ఖర్చును తేల్చేది మాత్రం మొత్తం ఎన్ని గంటలు పడతాయన్నదే. సాధారణ పద్ధతిలో నిబంధనలు అడిగేది కనీసం 40 గంటలు. అందులో శిక్షకుడితో 20, ఒంటరిగా 10 తప్పనిసరి. ఎక్కువమందికి 60 దాటుతాయి. శిక్షణలో వాడే సెస్నా 172 విమానం గంటకు సుమారు 30 లీటర్ల ఏవియేషన్ పెట్రోలు తాగుతుంది. చాలాచోట్ల అద్దె లెక్కగట్టే హాబ్స్ మీటరు ఇంజను తిరిగినంతసేపూ గంటలో పదో వంతు చొప్పున కదులుతూనే ఉంటుంది. రన్‌వే దగ్గర వంతు కోసం ఆగిన ఆరు నిమిషాలకూ డబ్బు కట్టాల్సిందే.

నెలకొక్కసారి ఎగిరితే భారం తెలియదు కదా అనవచ్చు. జీతంలోంచి కట్టేవారికి అది సబబైన మాటే. కానీ చేతికి అలవాటు తప్పితే పాత పాఠాన్నే మళ్లీ డబ్బిచ్చి నేర్చుకోవాలి. అద్దె తక్కువైనా, విమానం తరచూ మరమ్మతుకు వెళ్లే చోటా ఇదే నష్టం. అందుకే ముందు డబ్బు కూడబెట్టి, వారానికి రెండు మూడుసార్లు ఎగరండి. శిక్షకుడి రుసుము, వైద్య పరీక్ష, రాత పరీక్ష, హెడ్‌సెట్, చివరి పరీక్ష ఫీజు విడిగా రాసుకోండి. 40 గంటలకు కాదు, 65 గంటలకు బడ్జెట్ వేసుకుని మొదలుపెట్టండి.