వలస పక్షుల పద్దు

ఆకేటి పరిసరములలో, నర్సింహులపేట ప్రాంతమున కాపురముండు మావంటివారికి సముద్రము దూరపుమాట. అయినను ఆ యేటి నీరు మున్నేటిలో కలిసి, మున్నేటితో కృష్ణను చేరి, తుదకు బంగాళాఖాతమునకే పోవుచున్నది. భాద్రపదము వెళ్ళి చెరువులు నిండిన పిమ్మట మన యూళ్ళలో దిగు బాతులును, గట్లవెంట తోక ఆడించుచు పరుగిడు చిన్న పిట్టలును, అదే ఋతువున కాకినాడ దాపున కోరంగి తీరమున బురదనేలపై వ్రాలు ఉల్లంకులును ఒకే మహాప్రయాణమునకు చెందినవి. ఈ ప్రయాణికులకు పద్దు వ్రాయుట ఎట్లు, వ్రాసినందువలన కలుగు లాభమేమి అను సంగతి నేడు శ్రోతలకు విన్నవింతుము.

శరదృతువనగా ఆశ్వయుజ కార్తికములని మన లెక్క. పక్షుల శరత్తు అంతకు చాల ముందుగనే ఆరంభమగును. సైబీరియాకు ఉత్తరమున, చెట్టు మొలవని మంచుమైదానములలో గ్రుడ్లు పెట్టు వంపుముక్కు ఉల్లంకి ఇందుకు నిదర్శనము. అక్కడి వేసవి రెండు నెలల ముచ్చట. మగపక్షి గ్రుడ్లు పొదుగుటకైనను నిలువదు. జూలై మొదటనే దక్షిణమునకు బయలుదేరును. పిల్లలకు రెక్కలు వచ్చుసరికి తల్లులును వెళ్ళిపోవును. కడపట ఆ యేటి పిల్లలు, త్రోవ చూపు పెద్ద ఒక్కటియు లేకయే, తమంత తాము బయలుదేరి వచ్చును. కావున మన తూర్పుతీరమున శ్రావణపు వానలలో దిగు గుంపు వేరు, ఆశ్వయుజమున దిగు గుంపు వేరు. మొదటివాని రొమ్మున వేసవినాటి ఇటుకరంగు ఇంకను మచ్చలుగా మిగిలియుండును. తరువాతివాని వీపు ఈకల అంచులు చేపపొలుసులవలె కనబడును, అవి పిల్లపక్షులు.

ఈ రెంటి పాళ్ళు తెలిసినచో, ఆ యేడు ధ్రువప్రాంతమున పిల్లలు బ్రతికి బట్టకట్టినవో లేదో కాకినాడ యొడ్డున కూర్చుండియే కొంత చెప్పవచ్చును. అక్కడ లెమ్మింగులను ఎలుకజాతి జంతువులు కలవు. అవి విస్తారముగా ఉన్న యేట తెల్లనక్కలు వానిని తిని తృప్తిపడును. అవి తగ్గిన యేట నక్కల చూపు పక్షుల గూళ్ళపై పడును. ఎక్కడి మంచునేల, ఎక్కడి ఎలుక, ఎక్కడి గోదావరి బురద! లెక్క వ్రాయని వానికి ఈ సంబంధము ఎన్నటికిని కనబడదు.

ఇట్టి లెక్కకు కోరంగివంటి తావు మన తీరమున అరుదు. గోదావరి పాయలు కడలిలో కలియుచోట మడ అడవులు, వాని ముందర మైళ్ళకొలది బురదమైదానము, ఆవల కాకినాడ అఖాతమునకు అడ్డుగోడవలె హోప్ దీవి. పేరునకు దీవియే కాని అది సుమారు 16 కిలోమీటర్ల పొడవైన ఇసుకతిన్నె. నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరముగా నెట్టగా ఏర్పడినది. 1839 నాటి ఉప్పెనలో నాశనమైన కోరంగి రేవుపట్టణము ఈ పరిసరములలోనిదే. మడ అడవులలో కొంత మేర 1978 నుండి అభయారణ్యముగా ఉన్నది.

మేము మహబూబాబాదులో రైలెక్కి, సామర్లకోటలో దిగి కాకినాడ చేరి, అటవీశాఖ అనుమతితో నాటుపడవ కుదుర్చుకొందుము. మొదటి పర్యాయము వెళ్ళినప్పుడు పాటు సమయమున బురద బయటపడగనే లెక్క మొదలిడవలెనని మా తొందర. పడవవాడు నవ్వి, “పోటు వచ్చేదాకా ఉండండి బాబూ, పిట్టలే మీకాడికి వత్తాయి” అనెను. ఆ ఒక్క మాటలో పక్షిగణన శాస్త్రము సగము కలదు. నీరు తీసినప్పుడు పక్షులు మైదానమంతట చెదరి, తలలు వంచి పురుగులను ఏరుకొనుచుండును. ఏ పక్షి ఎక్కడ ఉన్నదో దుర్భిణికి అందదు. నీరు పెరిగినకొలది వాని మేతనేల మునిగి, అన్నియు వెనుకకు జరిగి జరిగి, తుదకు మిగిలిన ఒకటి రెండు ఇసుకతిన్నెలపై ఒత్తుకొని నిలుచును. పౌర్ణమి అమావాస్యలకు పోటు మిక్కుటము గనుక అప్పుడు గుంపులు ఇంకను దగ్గరగును. ఆ గంట, గంటన్నర కాలమే లెక్కకు అదను.

వేలకొలదిగ నిలిచిన పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించుట ఎవరితరమును కాదు. మొదట పదింటిని నిజముగా లెక్కింపవలెను. ఆ పది దుర్భిణిలో ఎంత మేర ఆక్రమించునో కన్నునకు అలవాటు చేయవలెను. పిమ్మట ఆ మేరతోనే గుంపును ఒక కొననుండి ఇంకొక కొనకు కొలుచుచు పోవలెను. కళ్ళములో ధాన్యపురాశిని కుంచముతో కొలిచినట్లే. ఇద్దరు విడివిడిగా కొలువవలెను, ఒకరి అంకె ఇంకొకరికి చెప్పరాదు. ఒకరు 340 అనినచో ఇంకొకరు 410 అనవచ్చును. రెండును వ్రాయవలెను. సగటు తరువాత ఎవరైనను కట్టుదురు. పోయిన అంకెను ఎవరును తెచ్చి ఇయ్యలేరు.

లెక్క సగమైనప్పుడు ఆకాశమునుండి బైరిడేగ దిగుట కలదు. అదియు ఈ ప్రయాణికులవెంట వచ్చు ప్రయాణికురాలే. అంత ఆ తిన్నెమీది పక్షులన్నియు ఒక్క దుప్పటివలె లేచి, నాలుగు మారులు తిరిగి, వేరొక తిన్నెపై వ్రాలును. అప్పుడు ‘డేగ వచ్చినది, లెక్క ఆగినది’ అని వ్రాసి గడియారము చూచి వేళ వేయవలెను. మిగిలినవానిని ఊహతో పూరించుట దొంగలెక్క. గుర్తుపట్టలేని చిన్న ఉల్లంకులను ‘గుర్తుపట్టనివి’ అనియే వ్రాయవలెను. తేది, వేళ, పోటు, గాలివాలు, మబ్బు, ఎండ తళతళ, ఇవన్నియు పక్షుల పేర్లకంటె ముందు వ్రాయవలసినవి.

అన్నిటికంటె వ్రాయుటకు మనసొప్పనిది సున్న. వానలో తడిసి, మోకాలి లోతు బురదలో నడిచి, ఒక్క పక్షియు కానక తిరిగి వచ్చినవానికి ఆ దినము వ్యర్థమని తోచును. వేటగాడు ఉత్తచేతుల సంగతి చెప్పుకొనడు. పద్దు వ్రాయువాడు చెప్పితీరవలెను. నిరుడు ఆగస్టులో నిండుగా ఉన్న తిన్నె ఈ ఆగస్టులో ఖాళీగా ఉన్నదని నిరూపించుటకు ఆ సున్న తప్ప వేరు సాక్ష్యము లేదు.

మనదేశమున నీటిపక్షుల గణన ఇప్పుడు కొత్త సంగతి కాదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ఏటేట జనవరిలో జరుగుచున్నది. అది గొప్ప పని. కాని జనవరిలో కనబడునవి చలికాలము ఇక్కడ గడుపుటకు నిలిచినవి. భాద్రపదమున దిగి, కొద్దిదినములు మేసి, క్రొవ్వు కూడబెట్టుకొని, ఇంకను దక్షిణమునకు సాగిపోయినవాని జాడ ఆ పద్దులో ఉండదు. వానికి ఈ బురద దారిలోని సత్రము. సత్రము మూతపడిన బాటసారి గతి ఏమగునో ఊహింపుడు. ఈ తీరపక్షులలో కొన్నింటి బలము అసామాన్యము. 2022 అక్టోబరులో, అలాస్కానుండి బయలుదేరిన చారతోక గాడ్‌విట్ పిల్ల యొకటి 11 దినములు నేలవ్రాలక 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియా చేరినది. అంతటి ప్రయాణమునకు ఇంధనము బయలుదేరుటకు ముందు తిన్న పురుగులును, గుల్లలునే.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మనవారు పరదేశపు పక్షి యన్నచో చాలు, ‘సైబీరియా పక్షి’ అందురు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు ఏటేట వచ్చి చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులను, ఎఱ్ఱకాళ్ళ కొంగలను పత్రికలును అట్లే వ్రాయుచున్నవి. ఈ రెండు జాతులును మన దేశపువే. గ్రుడ్లు పెట్టుట ఇక్కడనే, పిల్లలను పెంచుట ఇక్కడనే. ఆ గ్రామస్థులు వానిని పురిటికి వచ్చిన ఆడుబిడ్డలవలె చూచుకొనుచున్నారు, ఆ ఆదరము మెచ్చదగినది. కాని సైబీరియావని పేరు పెట్టుటవలన ఒక హాని కలదు. పక్షులు తగ్గిననాడు తప్పు అక్కడెక్కడనో జరిగినదని మనము చేతులు దులుపుకొందుము.

అటువంటి నష్టము ఒకటి కొల్లేటి ప్రాంతమున జరిగినది. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు అను చోట గూడబాతుల గూళ్ళ స్థావరమును కేరళీయుడైన కె. కె. నీలకంఠన్ పరిశీలించి, 1949 లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వివరముగా వ్రాసెను. మూడు దశాబ్దములు గడవకముందే ఆ స్థావరము శూన్యమైనది. 1978 లో అదే పత్రిక దానిని పోగొట్టుకొన్న స్థావరముగా పేర్కొన్నది. నీలకంఠన్ వ్రాసియుండనిచో మనము ఏమి పోగొట్టుకొంటిమో కూడ మనకు తెలియకపోవును.

చూచి వ్రాసినది చాలనిచోట ఉంగరము తోడ్పడును. పక్షిని వలలో పట్టి, తూచి, కాలికి అంకె చెక్కిన తేలిక లోహపు ఉంగరము తొడిగి విడుతురు. 1957 లో మైసూరు రాజ్యపు క్యాసనూరు అడవిలో కోతులును మనుష్యులును క్రొత్త జ్వరముతో మరణించిరి. ఆ జ్వరపు సూక్ష్మజీవి రష్యాలోని యొక వ్యాధిని పోలియుండుటచే, వలసపక్షుల ఒంటి పిడుదులు దానిని తెచ్చినవేమో యని అనుమానము కలిగెను. ప్రపంచారోగ్యసంస్థ సాయముతో, సలీం అలీ నాయకత్వమున 1959 లో ఉంగరములు వేయు పెద్ద కార్యక్రమము మొదలైనది. అనుమానము రుజువు కాలేదు. అయితే ఆ నెపమున మన బాతులు, ఉల్లంకులు ఎక్కడెక్కడికి పోవుచున్నవో తొలిసారి విస్తారముగా తెలిసినది.

ఉంగరమున్న పక్షి చనిపోయి దొరికినప్పుడు పల్లెలలో దానిని దాచుట కలదు. 1972 చట్టము క్రింద కేసు పెట్టుదురేమో యని జంకు. చచ్చి దొరికిన పక్షి కాలి అంకెను తెలుపుట నేరము కాదని ఊరూర చెప్పవలెను. ఉంగరముపై బొంబాయి సంఘము పేరు ఆంగ్లమున చెక్కియుండును. ఆ అంకె, దొరికిన ఊరు, తేది, ఈ మూడు సంగతులు చేరినచో చాలును.

రేడియో ఉన్న యిండ్లకు ఇంకొక సంగతి ప్రియమగును. నేడు పక్షి వీపుననే చిన్న రేడియో ఎక్కుచున్నది. 2012 లో నాగాలాండ్ దోయాంగ్ జలాశయము దాపున అమూరు డేగలు వేలకొలదిగ వలలకు చిక్కి చచ్చెను. మరుసటి యేటికి ఆ గ్రామములవారే వేట మానిరి. 2013 నవంబరులో మూడు డేగలకు 5 గ్రాముల ఉపగ్రహ ప్రసారిణులు కట్టి, నాగా, వోఖా, పంగ్టి అని పేర్లు పెట్టి విడిచిరి. అవి మన ద్వీపకల్పమును అడ్డముగా దాటి, అరేబియా సముద్రముమీదుగా ఆఫ్రికా చేరినవి. గుప్పెడంత డేగ!

ఇట్టి సాధనములు ఉండగా ఒడ్డున కూర్చుండి కుంచముతో కొలుచుట యెందుకని అడుగువారు కలరు. ప్రసారిణి ఒక్క పక్షి కథ చెప్పును. ఎన్ని మిగిలినవో చెప్పదు. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య తన జాబితాలో మన వంపుముక్కు ఉల్లంకిని అపాయమునకు లోనైన జాతులలో చేర్చినది. ఆ నిర్ణయమునకు ఆధారము అనేక తీరములలో అనేకులు ఏండ్ల తరబడి వ్రాసిన అంకెలే. పడమటి సైబీరియాలో పుట్టి మధ్యధరా తీరములకు పోవుచుండిన సన్నముక్కు కర్ల్యూను నిశ్చయముగా చూచుట 1995 లో మొరాకోలో కడపటిది. 2025 లో అది అంతరించినదని ప్రకటించిరి. అది తగ్గుచున్నదని లోకము గుర్తించునప్పటికే లెక్కింపదగినన్ని మిగులలేదు.

కోరంగి బురదను చూచి బీడని తలచువారు నేటికిని కలరు. అక్కడ మొక్క మొలవదు, ఇల్లు నిలువదు, చెరువు త్రవ్వినచో రొయ్యలైనను పెరుగునని వారి వాదము. ఆగస్టులో ఏ తిన్నెపై ఏ జాతి ఎన్ని నిలిచినవో పదేండ్ల పద్దు చూపగలవాడే వారికి జవాబు చెప్పగలడు. పద్దు లేనివాని మాట కవిత్వమని త్రోసివేయుదురు.

సముద్రము దూరమైన మనకును ఇందులో పని కలదు. 1931-32 లో సలీం అలీ హైదరాబాదు రాజ్యమంతట తిరిగి పక్షులను పరిశీలించి వ్రాసిన పద్దు నేటికిని తెలంగాణమునకు మూలగ్రంథమువంటిది. దాని ప్రక్కన నిలుపదగిన ఊరి పద్దులు మనకు కావలెను. దసరానాడు పాలపిట్టను చూచుటకు ఊరవతలికి పోవు ఆచారము మనకు ఉండనే ఉన్నది. పాలపిట్ట మన నేలనే ఉండు పక్షి. ఆ సాయంకాలమే చెరువుగట్టున తోక ఆడించు జిట్టంగి వచ్చియున్నదా, మొదట కనబడిన దినమేది, చెరువులో సూదితోక బాతులు దిగినవా అని గోడమీది క్యాలెండరులో ఆ తేది ప్రక్కన వ్రాయవచ్చును. పది సంవత్సరముల క్యాలెండరులు పారవేయక ఉంచుడు.

కార్తికమున తుపాను తీరము దాటిన మరునాడు మాత్రము తప్పక చెరువు చూడుడు. సముద్రమధ్యమున తిరుగు పక్షులు గాలికి కొట్టుకొని లోతట్టు నీళ్ళకు వచ్చుట కలదు. అలసిన పక్షిని పిల్లలు తరుమకుండ చూచి, దాని ముక్కు, కాళ్ళు, రెక్కల పట్టీలు ఎట్లున్నవో అక్కడికక్కడే వ్రాసికొనుడు. అది మరునాటికి ఉండదు.