తొక్కలోని వగరు, కాన్సరు చికిత్స
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పులివెందుల వైపు చీనీ తోటలు, బనగానపల్లె వైపు మామిడి తోటలు పెంచు మీకు పండును గూర్చి నేను చెప్పగలిగినది స్వల్పము. పండు తిన్న పిదప పారవేయు తొక్కను గూర్చి కొంత మనవి చేసెదను. రసము తీసిన చీనీకాయలో సుమారు సగము బరువు తొక్కయు పిప్పియునే. మామిడిలో తొక్క, టెంక కలిసి మూడవ వంతుకు తగ్గవు. ఇదంతయు దిబ్బ పాలగుచున్నది. ఇందులో కాన్సరును అణచు పదార్థములు కలవని మీరు వినియుందురు. ఆ మాటలో నిజమెంతయో తెలియనిచో రోగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అందుచేత ఈ విషయమును ఎత్తుకొంటిని.

ఆ పదార్థముల పేరు పాలీఫినాలులు. పేరు కొత్తదే గాని సరుకు మనకు పాతది. దానిమ్మ తొక్కను కొరికినచో నోరు వగరెక్కి నాలుక బిగుసుకొనును గదా! పాలీఫినాలులలో ఒక తెగయైన టానినులు లాలాజలములోని మాంసకృత్తులను పట్టి బిగించుటచే అట్లగును. తంగేడు చెక్కతో తోళ్ళను పదును చేయుటయు, కలంకారీ బట్టను కరక్కాయ నీట ముంచుటయు ఈ గుణమును బట్టియే. మొక్కకు ఇది ఆయుధము. పురుగును, బూజును దరిజేరనీయకుండుటకై తొక్కలోను, గింజలోను దాచుకొన్నది. చీనీ తొక్కలో హెస్పెరిడిన్, మామిడి తొక్కలో మాంజిఫెరిన్, దానిమ్మ తొక్కలో ప్యూనికలాజిన్ ముఖ్యమైనవి. హెస్పెరిడిన్‌ను 1828లోనే నారింజ జాతి తొక్కనుండి వేరుచేసిరి.

ప్రయోగశాలలో గాజు పాత్రలందు పెంచిన కాన్సరు కణములపై వీనిని ప్రయోగింపగా కణముల పెరుగుదల తగ్గుట, అవి నశించుట అనేక పర్యాయములు కనబడినది. ఎలుకలలోను కొంత ఫలితము కలదు. ఇంతవరకు నిజమే. కాని గాజు పాత్ర వేరు, మనిషి కడుపు వేరు. మ్రింగిన దానిలో ఉన్నది ఉన్నట్లు రక్తమునకు చేరునది బహు తక్కువ. మిగిలినదానిలో చాల భాగమును ప్రేగులలోని సూక్ష్మజీవులు విరిచి వేరు పదార్థములుగా మార్చును. ఆ మార్పును ఒక్కొక్క మనిషిలో ఒక్కొక్క తీరుగ నుండును.

దానిమ్మ సంగతి వినుడు. అమెరికాలో ప్రోస్టేటు గ్రంథి కాన్సరుకు చికిత్స పొందిన 46 మందికి ప్రతిదినము దానిమ్మ రసమిచ్చి, ఫలితమును 2006లో ప్రకటించిరి. రోగము తిరుగబెట్టుటను తెలుపు పదార్థము ఒకటి రక్తములో నుండును. అది రెట్టింపగుటకు మునుపు 15 నెలలు పట్టుచుండగా, రసము త్రాగిన పిదప 54 నెలలు పట్టినది. ఎంత ఆశ! అయితే పోల్చి చూచుటకు రసము త్రాగని జట్టు అందులో లేదు. 2015లో ప్రకటించిన మరియొక పెద్ద పరీక్షలో కొందరికి దానిమ్మ సారము కలిపిన పానీయము, కొందరికి సారము లేని పానీయము ఇచ్చి చూడగా, రెండు జట్లకు నడుమ చెప్పుకోదగిన తేడా కానరాలేదు. మొదటి వార్త మన రచ్చబండ దాక వచ్చును. రెండవది త్రోవలోనే ఆగిపోవును.

మొక్కలనుండి మందు రాదని నా భావము కాదు. మన పెరటి బిళ్ళగన్నేరునుండియే విన్‌క్రిస్టిన్ అను మందు వచ్చినది. 1963లో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించినది. పిల్లల రక్త కాన్సరుకు నేటికిని వాడుచున్నారు. అది పాలీఫినాలు కాదు, వేరొక జాతి పదార్థము. ఆకు నమిలినచో విషము. శుద్ధిచేసి, కొలిచి, వైద్యుల పర్యవేక్షణలో నరమునకెక్కించినప్పుడే మందు. మన తొక్కలు ఆ దారిలో ఇంకను తొలి మెట్లపైననే ఉన్నవి.

అంతవరకు తొక్కలను వృథా చేయనక్కరలేదు. చీనీ పిప్పిని మేతలో కలిపి పశువులకు మితముగా పెట్టవచ్చును. ఎండబెట్టి పేడతో కలిపినచో మంచి ఎరువగును. దానిమ్మ తొక్క పసుపువన్నె అద్దకమునకు పనికివచ్చును. పురుగుమందు చల్లిన కాయల తొక్కను దంచి పొడిగా తినుట మాత్రము తగదు.

ఇక ముఖ్యమైన మాట. "తొక్కల కషాయము పట్టించుచున్నాము, ఆసుపత్రి సంగతి తరువాత చూతము" అను ఇల్లు మీ వార్డులో ఉండవచ్చును. ఆ రెండు మూడు నెలలలో చిన్న గడ్డ పెద్దదగును. మూడు వారములైనను మానని నోటి పుండు, రొమ్ములో గడ్డ, ముట్టుడిగిన తరువాత రక్తస్రావము ఉన్నవారిని వెంటనే వైద్యుని వద్దకు పంపవలెను. 30 ఏండ్లు నిండినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు జాతీయ కార్యక్రమము కలదు. స్త్రీలు సిగ్గుపడి రానిచో మహిళా సభ్యులే ఇంటికి పోయి పిలుచుకొని రావలెను. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతో నడచుచున్న పథకము క్రింద అర్హులైన కుటుంబములకు కాన్సరు చికిత్స లభించును. కషాయము త్రాగుచున్నవారు ఆ సంగతిని వైద్యునికి దాచరాదు. పంపరపనస వంటి కొన్ని పండ్ల రసములు కొన్ని మందులను రక్తములో మితిమీరి పెంచునని వైద్యులెరుగుదురు.